శ్రామిక గురువులు: ప్రార్థించే చేతులూ, పనిచేసే చేతులూ

తెలుగులో 'శ్రమ' అనే మాటకు రెండు ముఖాలున్నాయి. ఒళ్లు వంచి చేసే పని శ్రమ. ఆ పని వల్ల కలిగే అలసటా శ్రమే. మన క్రైస్తవ కుటుంబాలలో ఈ మాటకు మూడవ అర్థం కూడా స్థిరపడింది. సిలువపై యేసు పడిన వేదనను వారు 'క్రీస్తు శ్రమలు' అంటారు. అదే ధాతువు నుండి 'ఆశ్రమం', 'శ్రమణుడు' అనే మాటలు పుట్టాయి. పని, బాధ, తపస్సు అనే మూడు భావాలు ఒకే పదకుటుంబంలో ఇమిడి ఉండడం మన భాషకున్న విశేషం. ఐరోపా భాషలలోనూ ఇటువంటి జాడలు కనిపిస్తాయి. ఫ్రెంచివారు పనిని 'త్రవాయ్' అంటారు. మూడు కొయ్యలతో చేసిన ఒక హింసాసాధనానికి లాటిన్‌లో ఉన్న పేరే దీనికి మూలమని చాలామంది నిఘంటుకారుల అభిప్రాయం.

పని శిక్షా, పూజా అనే ప్రశ్న కతోలిక ధర్మంలో చాలా పాతది. దానికి గ్రంథాలలో లభించే సమాధానం ఒకటి, మఠాల గోడల మధ్య లభించే సమాధానం మరొకటి. ఇరవయ్యవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో సుమారు వందమంది కతోలిక గురువులు ఈ రెంటినీ ఒక్కటి చేయబూనారు. (తెలుగు కతోలికులు తమ పురోహితులను 'గురువులు' అంటారు. ఈ వ్యాసంలో ఆ మాటనే వాడుతున్నాను.) వారు కర్మాగారాలలో, ఓడరేవులలో, ఆనకట్టల నిర్మాణంలో కూలికి చేరారు. పదేళ్ల తరువాత, 1954 మార్చి 1 లోగా ఆ పని విడిచిరావాలని వారికి ఆజ్ఞ అందింది. ఆ ఆజ్ఞ వెనుక ఏమున్నదో తెలియాలంటే కొంత వెనుకకు వెళ్లక తప్పదు.

ప్రాచీన రోమను సమాజంలో చేతిపని గౌరవప్రదమైన వృత్తి కాదు. కూలి తీసుకోవడమంటే దాస్యానికి ముందుగా అందుకున్న బయానా వంటిదని సిసిరో భావించాడు. కార్ఖానాలో స్వేచ్ఛాజీవికి తగినదేదీ ఉండదని కూడా ఆయన రాశాడు. అటువంటి ప్రపంచంలో వడ్రంగిగా పేరుబడిన ఒక వ్యక్తిని దైవకుమారునిగా ఆరాధించడం, గుడారాలు కుట్టి పొట్టపోసుకొన్న పౌలును ప్రధాన బోధకునిగా గౌరవించడం సామాన్యమైన మార్పు కాదు. అయితే ఒక వడ్రంగిని ఆరాధించినంత మాత్రాన వడ్రంగులందరికీ గౌరవం దక్కదని తరువాతి చరిత్ర చెబుతుంది.

ఆరవ శతాబ్దిలో ఇటలీలోని మోంతె కస్సీనో మఠంలో బెనెడిక్టు తన శిష్యుల కోసం ఒక నియమావళి రచించాడు. దాని 48వ అధ్యాయం నిత్యం చేయవలసిన చేతిపనిని గురించినది. సోమరితనం ఆత్మకు శత్రువని దాని ఆరంభం. రోజులో ఏ గంటలు పనికి, ఏ గంటలు పఠనానికి అన్న విభజన కూడా అందులో ఉంది. 31వ అధ్యాయంలో మఠం ఉగ్రాణం చూసే సోదరునికి ఒక ఆదేశం కనిపిస్తుంది: మఠంలోని గిన్నెలనూ పనిముట్లనూ పూజావేదికపై ఉంచే పవిత్రపాత్రలతో సమానంగా చూడాలి. పారకు, పూజాపాత్రకు మధ్య భేదం పాటించవద్దన్న ఈ ఒక్క నిబంధన చాలు, బెనెడిక్టు ఆలోచన ఎంత దూరం వెళ్లిందో గ్రహించడానికి. 'ప్రార్థించు, పనిచేయు' అనే ప్రసిద్ధ సూత్రం మాత్రం ఆ నియమావళిలో లేదు. అది పందొమ్మిదవ శతాబ్దంలో ప్రచారం పొందింది.

అదే 48వ అధ్యాయంలో మరొక వాక్యం ఉంది. చరిత్ర విద్యార్థులు దానిని నిదానంగా చదవాలి. స్థానిక పరిస్థితుల వల్లనో, పేదరికం వల్లనో సోదరులు స్వయంగా పంట కోసుకోవలసివస్తే విచారపడవద్దని, తమ చేతుల కష్టంతో బ్రతికినప్పుడే వారు నిజమైన మఠవాసులని బెనెడిక్టు అంటాడు. విచారపడవద్దని చెప్పవలసివచ్చిందంటే, విచారపడేవారు ఉన్నారన్నమాట. పంటకోత వేరెవరో చేసే పని అన్న తలంపు ఆ తొలి మఠంలోనే ఉండి ఉండాలి.

ఆ తలంపు పన్నెండవ శతాబ్ది నాటికి ఒక వ్యవస్థగా రూపుకట్టింది. 1098లో ఫ్రాన్సులోని సీతో వద్ద వెలసిన సిస్టర్షియన్ సంప్రదాయం బెనెడిక్టు నియమాన్ని అక్షరాలా పాటించాలన్న పట్టుదలతో పుట్టింది. దానాలపై, కౌళ్లపై బ్రతకరాదనీ, తమ భూమిని తామే దున్నుకోవాలనీ ఆ మఠవాసుల ఆశయం. కాని రోజుకు అన్నిసార్లు ప్రార్థనాగీతాలు పాడేవారు దూరపు పొలాలకు ఎలా వెళ్లగలరు? అందుకు వారు కనుగొన్న ఉపాయం 'కన్వర్సీ' అనే శ్రామిక సోదరుల వర్గం. వీరు కూడా వ్రతం పట్టినవారే. అయితే వీరి పడకగది వేరు, భోజనశాల వేరు, దేవాలయంలో నిలిచే చోటు వేరు. వీరు గడ్డం పెంచాలి. పుస్తకం ముట్టరాదు, నాలుగైదు ప్రార్థనలు కంఠస్థం చేస్తే చాలు. కన్వర్సీగా చేరినవాడు ఎన్నటికీ పూర్తి మఠవాసి కాలేడు. అడవులు కొట్టి, చిత్తడి నేలలు ఎండగట్టి, గొర్రెల మందలు పెంచి సిస్టర్షియన్ మఠాలను ఐరోపాలోకెల్లా సంపన్నమైన సంస్థలుగా నిలిపినవారిలో వీరి పాత్ర పెద్దది. పని పవిత్రమేనని అందరూ అంగీకరించారు. ఆ పవిత్రమైన పని చేసేవారికి మాత్రం వేరే గుమ్మం ఏర్పాటైంది.

ఇక్కడ మన పాఠకులకు బసవేశ్వరుని 'కాయకం' గుర్తుకు రాకపోదు. సిస్టర్షియన్లు ఫ్రాన్సులో పొలాలు విస్తరిస్తున్న ఆ పన్నెండవ శతాబ్దంలోనే కల్యాణంలో శివశరణులు వృత్తినే ఆరాధనగా భావించారు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో బట్టలుతికే మడివాలు మాచయ్యను మహాభక్తునిగా నిలబెట్టాడు. రెండు సంప్రదాయాల మధ్య సంబంధమేదీ లేదు. అయినా ఒక భేదాన్ని గుర్తించాలి. మాచయ్య తన రేవులోనే శరణుడు. సిస్టర్షియన్ సోదరుడు మఠంలో ఉండి కూడా సగం బయటివాడు.

మధ్యలోని శతాబ్దాలను త్వరగా దాటవచ్చు. పారిశ్రామిక విప్లవం వచ్చేనాటికి కతోలిక ధర్మం గ్రామాలకు అలవాటుపడినది. కర్మాగారాల చుట్టూ వెలసిన మురికివాడలు దాని చేతికి అందలేదు. 1891 మే 15న పోప్ పదమూడవ లియో వెలువరించిన 'రేరుమ్ నోవారుమ్' అనే ధర్మలేఖ ఈ వెలితిని గుర్తించిన తొలి మహాపత్రం. కార్మికుడు మితంగా, గౌరవంగా బ్రతకడానికి చాలినంత కూలి ఇవ్వడం న్యాయమని, ఒప్పందం కుదిరిందన్న నెపంతో అంతకు తగ్గించరాదని, కార్మికులకు సంఘాలు పెట్టుకునే హక్కు ఉన్నదని ఆ లేఖ ప్రకటించింది. వ్యక్తిగత ఆస్తిని కూడా అది గట్టిగా సమర్థించింది. సాంఘిక చరిత్రలో దాని స్థానం పెద్దది. అయినా అది కార్మికుని గురించి పైనుండి పలికిన మాట. యంత్రం పక్కన నిలిచి పలికిన మాట కాదు.

ఆ పక్కకు చేరే అవకాశం యుద్ధం వల్ల వచ్చింది. 1943 ఫిబ్రవరిలో, జర్మనీ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో నిర్బంధ శ్రమ చట్టం అమలులోకి వచ్చింది. లక్షల సంఖ్యలో ఫ్రెంచి యువకులను జర్మనీ కర్మాగారాలకు తరలించారు. వారితో గురువులను పంపడానికి నాజీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. అప్పుడు సుమారు పాతికమంది గురువులు తమ అంగీలు విడిచి, సాధారణ కార్మికులుగా పేరు నమోదు చేయించుకొని రహస్యంగా బయలుదేరారు. వారిలో ఆన్రీ పెరాన్ అనే జెసూట్ గురువు లైప్జిగ్ నగరంలో కార్మికునిగా చేరి, పట్టుబడి, జైలు అనుభవించి తిరిగివచ్చాడు. విక్టర్ దిలార్ అనే మరొక జెసూట్ దాహౌ నిర్బంధ శిబిరంలో 1945 జనవరిలో మరణించాడు. పెరాన్ రాసుకున్న దినచర్య 1945లో పుస్తకంగా వెలువడింది. తన అంగీ, తన చదువు, తన మాటతీరు తననూ కార్మికులనూ ఎంత వేరు చేశాయో లైప్జిగ్ వెళ్లేదాకా తనకు తెలియదన్నది ఆ గ్రంథంలో పాఠకునికి అడుగడుగునా కనిపించే విషయం.

అదే 1943లో ఆన్రీ గోదాన్, ఇవాన్ దానియెల్ అనే ఇద్దరు గురువులు రాసిన పుస్తకం పారిస్‌లో కలకలం రేపింది. ఫ్రాన్సు కూడా మతప్రచారకులు వెళ్లవలసిన దేశమేనా అని దాని శీర్షికే ప్రశ్నించింది. ఒక కార్మికుడు క్రైస్తవునిగా జీవించాలంటే తన వర్గాన్ని, తన స్నేహితులను, తన భాషను కూడా విడువవలసివస్తున్నదని, ఈ స్థితిలో అతణ్ణి దేవాలయానికి పిలవడం వ్యర్థమని ఆ రచయితల వాదం. పారిస్ అగ్రపీఠాధిపతి కార్డినల్ సుహార్ ఆ రాతప్రతిని ఒక్క రాత్రిలో చదివి ముగించారని చెబుతారు. ఆ సంవత్సరమే ఆయన 'పారిస్ మిషన్' స్థాపించారు. గోదాన్ దాని ఫలితం చూడలేదు. 1944 జనవరిలో ఒక రాత్రి, గదిలోని కుంపటి నుండి వెలువడిన విషవాయువుకు ఆయన నిద్రలోనే మరణించాడు.

మార్సెయి రేవులో జాక్ లోవ్ అనే డొమినికన్ గురువు 1941 నుండే హమాలీగా బస్తాలు మోస్తున్నాడు. మొదట ఆయన ఉద్దేశం రేవుకూలీల జీవితాన్ని అధ్యయనం చేయడం. గణాంకాలు పట్టికలలో రాసుకుంటే ఆ జీవితం అర్థం కాదని తోచి ఆయన బస్తా భుజానికెత్తుకున్నాడు. యుద్ధానంతరం ఈ మార్గంలో నడిచినవారు క్రమంగా పెరిగారు. 1950ల ఆరంభానికి వారి సంఖ్య దాదాపు నూరు. లోహ కర్మాగారాలు, రసాయన పరిశ్రమలు, ఓడరేవులు, నిర్మాణ పనులు వారి నెలవులు. అద్దెగదులలో కాపురం. షిఫ్టు ముగిశాక, సాయంత్రం వేళ, భోజనాల బల్లే వారికి పూజావేదిక. దానిపై రొట్టెనూ ద్రాక్షరసాన్నీ ఉంచి పూజ చేసే ఆ చేతులకు అప్పటికి గ్రీజు మరక పూర్తిగా వదిలి ఉండేది కాదు. బెనెడిక్టు ఉగ్రాణపు సోదరునికి చెప్పిన మాట పద్నాలుగు వందల ఏళ్ల తరువాత ఆ అద్దెగదులలో ఆచరణకు వచ్చిందనిపిస్తుంది.

పనిలో ప్రమాదం కూడా భాగమే. 1951 ఏప్రిల్‌లో మిషెల్ ఫావ్రో అనే యువ గురువు బోర్డో రేవులో కలప దింపుతుండగా దుంగల మోపు మీద పడి మరణించాడు. ఆయన ఆ పనిలో చేరి ఎంతో కాలం కాలేదు.

ఇక వివాదం. యంత్రం పక్కన నిలిచినవాడు కార్మిక సంఘంలో చేరకుండా ఉండలేడు. నాటి ఫ్రాన్సులో బలమైన కార్మిక సంఘం కమ్యూనిస్టుల ప్రభావంలో ఉన్న సె.జె.తె. శ్రామిక గురువులలో చాలామంది అందులోనే చేరారు. నలుగురి మాటా చదవగల, రాయగల, నిర్భయంగా మాట్లాడగల మనిషిని తోటివారు నాయకునిగా ఎన్నుకోవడంలో ఆశ్చర్యం లేదు. పెరాన్ ఆల్ప్స్ పర్వతప్రాంతంలో ఒక ఆనకట్ట నిర్మాణ స్థలంలో సమ్మెకు నాయకత్వం వహించాడు. మరొకవైపు 1949 జూలైలోనే రోము నగరంలోని ధర్మపరిరక్షక పీఠం 'హోలీ ఆఫీస్' కమ్యూనిస్టు పక్షానికి సహకరించే కతోలికులపై కఠినమైన నిషేధం ప్రకటించి ఉంది. అంతకు సుమారు ఒక నెల ముందు, మే 30న కార్డినల్ సుహార్ కన్నుమూశారు. శ్రామిక గురువులకు పెద్దదిక్కు పోయింది. 1952 మే 28న అమెరికన్ సేనాని రిడ్జ్‌వే రాకకు నిరసనగా పారిస్‌లో జరిగిన ప్రదర్శనలో ఇద్దరు శ్రామిక గురువులను పోలీసులు పట్టుకొని కొట్టారు. ఠాణాలో దెబ్బలు తిన్నవారు గురువులని తెలిసినప్పుడు పత్రికలు ఆ వార్తను వదలలేదు.

రోము భయాలన్నీ రాజకీయమైనవే అనుకోవడం న్యాయం కాదు. గురువు అంటే బలిపూజ చేసేవాడు, ప్రార్థనకు, బోధకు తన కాలమంతా అర్పించినవాడు. ఎనిమిది గంటల షిఫ్టు తరువాత ఆ కాలం ఎక్కడిదని అధికారుల ప్రశ్న. కొందరు గురువులు వ్రతం విడిచి వివాహం చేసుకున్నారు. అదీ ఆందోళన కలిగించింది. పాలనాయంత్రాంగంలో ఇరవై ఏళ్లు గడిపినవానిగా ఈ ఆందోళనను నేను అర్థం చేసుకోగలను. ఏ సంస్థ అయినా తన ప్రతినిధి ఎవరి ప్రతినిధిగా మారుతున్నాడో గమనిస్తుంది. కాని ఆ ప్రశ్న అడుగున మరొక ప్రశ్న దాగి ఉందనిపిస్తుంది. పొలంలో ప్రార్థన సాధ్యమైతే కర్మాగారంలో ఎందుకు కాదు? పని నిజంగా పవిత్రమైతే అది ప్రార్థనకు పోటీ ఎలా అవుతుంది? సిస్టర్షియన్లు 'కన్వర్సీ' వర్గాన్ని సృష్టించి తప్పించుకున్న చిక్కు ఇదే.

1953 శరత్కాలంలో పోప్ రాయబారి ద్వారా ఈ ప్రయోగానికి స్వస్తి చెప్పాలన్న నిర్ణయం ఫ్రెంచి బిషప్పులకు అందింది. నవంబరులో ముగ్గురు కార్డినల్స్ (లియెనార్, జెర్లియె, ఫెల్తాన్) రోము వెళ్లి పోప్ పన్నెండవ పియుస్‌ను కలిశారు. వారు సాధించుకొచ్చింది స్వల్పం. గురువులు రోజుకు మూడు గంటలకు మించి చేతిపని చేయరాదు. కార్మిక సంఘాలలో పదవులు వహించరాదు. ఒంటరిగా కాక ఒక సమూహంలో నివసించాలి. మూడు గంటల కూలీని ఏ కర్మాగారం చేర్చుకుంటుంది? ఫిబ్రవరి ఆరంభంలో 73 మంది శ్రామిక గురువులు ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. తమను కార్మికవర్గం నుండి వేరుచేస్తే ఆ వర్గం దానిని తనపై తీర్పుగానే భావిస్తుందన్నది వారి ఆవేదన. అదే నెలలో వారిని సమర్థించిన డొమినికన్ పండితులు షెన్యూ, కొంగార్‌లను పారిస్ నుండి పంపివేశారు.

గడువు తేదీ వచ్చింది. దాదాపు సగంమంది విధేయులై పని విడిచారు. మిగిలిన సగంమంది పనిలోనే ఉండిపోయి, బహిరంగంగా పూజ చేసే హక్కు కోల్పోయారు. విధేయుడైన లోవ్ రేవు విడిచి కొత్త సంఘాన్ని స్థాపించాడు. 1970లో ఆయన వాటికన్‌లో పోప్ సమక్షాన తపస్సుకాల ధ్యానోపన్యాసాలు చేశాడు. పెరాన్ ఆ గడువు ముగిసిన కొద్ది నెలలకే, 1954 అక్టోబరులో, మోటారుసైకిల్ ప్రమాదంలో మరణించాడు. విడిచినవారిని తోటి కార్మికులు ద్రోహులనుకున్నారు. ఉండిపోయినవారిని తోటి విశ్వాసులు ద్రోహులనుకున్నారు. ఎవరి నష్టం పెద్దదో తేల్చడం నాకు సాధ్యం కావడం లేదు. చేతిలో ఉన్నది ఒకటే జీవితం అయినప్పుడు, రెండు విధేయతల మధ్య ఎంచుకోమన్న ఆజ్ఞ ఎంత క్రూరమైనదో మాత్రం వారి లేఖలు చదివినవారికి తెలుస్తుంది.

సంవత్సరం తిరగగానే, 1955 మే 1న, పన్నెండవ పియుస్ రోములో సమావేశమైన ఇటలీ కతోలిక కార్మికుల ఎదుట ఒక ప్రకటన చేశారు. ఇకపై మే 1 'శ్రామికుడైన పునీత జోజప్ప' పండుగ. మేడే నాడు ఒక వడ్రంగికి పండుగ ఏర్పడింది. చరిత్రలో వ్యంగ్యం వెతకడం నాకిష్టం లేదు గాని, ఈ రెండు తేదీలు పక్కపక్కన ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కార్యాలయంలో మేడే సభకు హాజరయ్యాను. శ్రమ గౌరవంపై ఉపన్యాసాలు చాలా బాగున్నాయి. ఆ ఉదయం కుర్చీలు మోసి వరుసలు పేర్చినవారు సభ సాగినంతసేపూ గుమ్మం బయటే నిలబడ్డారు. పిలవాలని మాలో ఎవరికీ తోచలేదు, నాతో సహా.

పారిస్ నుండి బహిష్కృతుడైన షెన్యూ 1955లో శ్రమతత్త్వంపై గ్రంథం వెలువరించాడు. 1959లో హోలీ ఆఫీస్ ఆ మూడు గంటల పనిని కూడా నిషేధించింది. కర్మాగార జీవితం, గురుత్వం పరస్పర విరుద్ధాలన్నది ఆ లేఖలోని వాదం. అంతా ముగిసినట్లే తోచింది. ఆరేళ్లు గడిచేసరికి పరిస్థితి మారింది. రెండవ వాటికన్ మహాసభ చివరి రోజులలో, 1965 అక్టోబరు 23న, పోప్ ఆరవ పౌలు ఆమోదంతో ఫ్రెంచి బిషప్పులు గురువులు తిరిగి పూర్తికాలం కర్మాగారాలలో పనిచేయడానికి అనుమతించారు. అయిదు రోజుల తరువాత, అక్టోబరు 28న, మఠజీవన సంస్కరణపై మహాసభ వెలువరించిన శాసనం శ్రామిక సోదరులను మఠ జీవితంలోనూ కార్యకలాపాలలోనూ దగ్గర చేర్చుకోవాలని ఆదేశించింది. పన్నెండవ శతాబ్దంలో లేచిన అడ్డుగోడను, 1954లో లేచిన అడ్డుగోడను ఒకే వారంలో తొలగించబూనారు. ఈ సామీప్యాన్ని ఎవరైనా ఉద్దేశించారనుకోను. డిసెంబరు 7న గురువుల జీవితంపై వెలువడిన శాసనం, చేతిపని చేస్తూ కార్మికుల స్థితిని పంచుకునే గురువులను ఇతర గురువులతో సమానంగా పేర్కొంది. 1970లో వచ్చిన కొత్త పూజాగ్రంథంలో గురువు రొట్టెను ఎత్తి పట్టి చేసే ప్రార్థనలో, అది నేల ఫలమే కాక మనుషుల శ్రమఫలం కూడా అన్న భావం చేరింది. నేడు మన తెలుగు దేవాలయాలలోనూ ఆ ప్రార్థన వినిపిస్తుంది.

ఆ కథలో చివరిగా పేర్కొనదగిన వ్యక్తి ఫ్రెంచివాడు కాదు. నాజీల ఆక్రమణలో ఉన్న పోలండులోని క్రాకో నగరంలో 1940 నుండి నాలుగేళ్లపాటు ఒక యువకుడు మొదట రాతిగనిలో, తరువాత సోల్వే రసాయన కర్మాగారంలో కూలీగా పనిచేశాడు. ఆ పనిలో ఉండగానే రహస్యంగా గురువిద్య అభ్యసించాడు. 1947 వేసవిలో ఫ్రాన్సు పర్యటించి, అక్కడి గురువుల కృషిని కళ్లారా చూశాడు. 1949లో క్రాకో వారపత్రిక 'తిగోద్నిక్ పొఫ్షెహ్ని'లో దాని గురించి సానుభూతితో వ్యాసం రాశాడు. అతని పేరు కారొల్ వోయ్తీవా. 1978లో పోప్ రెండవ జాన్ పాల్ అయ్యాడు.

పోలండులోని గ్దాన్‌స్క్ ఓడల కర్మాగారంలో 1980 ఆగస్టులో జరిగిన సమ్మె ప్రపంచమంతా చూసింది. మరుసటి సంవత్సరం రెండవ జాన్ పాల్ శ్రమను గురించి 'లబోరెం ఎక్సెర్చెన్స్' అనే ధర్మలేఖ వెలువరించారు. పని విలువ ఆ పని రకాన్ని బట్టి కాక, దానిని చేసే మనిషిని బట్టి నిర్ణయం కావాలన్నది అందులోని ప్రధాన ప్రతిపాదన. పెట్టుబడి కన్న శ్రమకే ప్రాథమ్యం అని కూడా ఆ లేఖ నిర్ద్వంద్వంగా ప్రకటించింది. దాని చివరి భాగంలో ఆయన పనిలోని అలసటను క్రీస్తు సిలువ వేదనతో కలిపి చూశారు. ఆ అలసటను భరించేవాడు సిలువలో పాలుపంచుకుంటున్నాడని, దానిలోనే పునరుత్థానపు వెలుగు మిణుకుమంటుందని ఆయన భావన. మన తెలుగు క్రైస్తవులు ఒకే మాటతో చెప్పుకునే ఆ రెండు శ్రమలు అక్కడ కలిశాయి.

'రేరుమ్ నోవారుమ్' వెలువడి తొంభై ఏళ్లు నిండే 1981 మే 15న ఆ లేఖను ప్రకటించాలని ఆయన సంకల్పించారు. రెండు రోజుల ముందు, మే 13న, రోములో ఆయనపై కాల్పులు జరిగాయి. ఆసుపత్రి నుండి వచ్చాక గాని రాతప్రతిని తుదిసారి సరిచూసుకోలేకపోయానని లేఖ చివర ఆయనే రాసుకున్నారు. సంతకం చేసిన తేదీ సెప్టెంబరు 14. కతోలిక పంచాంగంలో అది సిలువ పండుగ.